నాలుగు నవలలకి తోడుగా తొమ్మిది కథలు: ప్రాజెక్టు డైరీ

వారం 1

నాలుగో నవల అయిపోయింది, ఐదోది మొదలుపెట్టే ముందు కాస్త తేలిగ్గా ఉండే పని ఏదైనా చేద్దాం అనుకుని కథల పుస్తకం మొదలుపెట్టా. తేలిక అన్న మాట ఎందుకన్నానో నాకే తెలీదు.

సిరీస్ చదవనివాళ్ళ కోసం చెప్తున్నా. కొండ మీద చిన్న ఊరు, రిటైర్ అవ్వడానికి రెండేళ్ళున్న లైబ్రేరియనమ్మ, ఆవిడకన్నా తెలివైందని ఊరంతా నమ్మే లైబ్రరీ పిల్లి, చెవులు సరిగ్గా వినపడని వాచ్‌మన్ తాత, ఎవరి ఉత్తరం ఎవరికొచ్చిందో గుర్తుపెట్టుకునే పోస్ట్‌మాస్టరు, లైబ్రేరియనమ్మ మాట ఈసారి వినకూడదు అనుకుంటూనే ప్రతిసారీ వినే ఇన్‌స్పెక్టరు. కోజీ మిస్టరీ కాబట్టి నెత్తురు తెర వెనకే ఉంటుంది, పరిశోధించేది పోలీసు కాదు మామూలు మనిషి, చివరికి ఊరు మళ్ళీ ఊరులా అయిపోవాలి.

ప్లాను: 12 కథలు, ఒక్కోటి మూడువేల పదాల చొప్పున, మూడు నెలలు. నాలుగు నవలలు రాసినవాళ్ళకి కథ ఎంతసేపు అనుకున్నా.

వారం 2, 3

ఒక్క కథ కూడా రాయలేదు. రెండు వారాలూ నా నవలలు నేనే చదువుకుంటూ కూర్చున్నా. సిరీస్ బైబిల్ అంటారే, ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరికి ఎవరితో పడదు, ఏ తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది లాంటివన్నీ ఒక షీట్‌లో రాసి పెట్టుకోవడం, అది మొదటి నవలప్పుడే చెయ్యాలి, నేను చెయ్యలా. ఇప్పుడు చేస్తుంటే దొంగతనాలన్నీ బయటపడుతున్నాయి. లైబ్రరీకి మొదటి నవల్లో 14 మెట్లు, మూడో నవల్లో 17. పిల్లికి ఎడమ చెవి చిరిగి ఉండాలి, రెండో నవల చివర్లో కుడిచెవి చిరిగింది. పోస్ట్‌మాస్టరుకి ఒకచోట అక్క ఉంది, ఇంకోచోట "ఒక్కగానొక్క సంతానం" అని నేనే రాశా.

మనసుకి కాస్త ఊరట ఏంటంటే షెర్లాక్ హోమ్స్ కథల్లో కూడా ఇదే గోల. 1887లో వచ్చిన మొదటి నవల్లో హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కి తూటా భుజానికి తగిలింది, 1890 నాటి రెండో నవల్లో కాలికి తగిలింది. 1891లో ఒక కథలో అయితే జాన్ అనే ఆ మనిషిని సొంత పెళ్ళామే జేమ్స్ అని పిలుస్తుంది. అభిమానులు దానికి కూడా కారణాలు వెతికి వ్యాసాలు రాసుకున్నారు, అది వేరే సంగతి. నాకంత అభిమానులు లేరు కాబట్టి నేనే సర్దుకోవాలి.

అచ్చైపోయిన నవల్ని ఇప్పుడు మార్చలేం. మెట్లకి మాత్రం ఉపాయం దొరికింది. ఒక కథలో వాచ్‌మన్ తాత "పధ్నాలుగు మెట్లెక్కినప్పుడు వయసులో ఉన్నా, ఇప్పుడవే పదిహేడయ్యాయి" అంటాడు. తప్పు కాస్తా డైలాగ్ అయిపోయింది. చెవి గురించి ఇంకా ఆలోచిస్తున్నా.

వారం 4

శవాల లెక్క వేశా. నాలుగు నవలల్లో ఆరుగురు పోయారు. కథకొకరు చొప్పున పన్నెండు మందిని చంపితే ఆ ఊళ్ళో ఇంక మిగిలేదెవరు, ఆ ఊరికి బస్సెక్కి వచ్చేదెవరు? అమెరికన్ టీవీ సీరియల్ ఒకటి 1984 నుంచి 1996 దాకా నడిచింది, అందులో కాబట్ కోవ్ అనే చిన్న ఊళ్ళో అన్ని హత్యలు జరిగాయి కాబట్టి చిన్న ఊళ్ళో ఇన్ని హత్యలేంటి అనే జబ్బుకి ఆ ఊరి పేరే పెట్టేశారు. నవలకి నవలకి మధ్య ఏడాది గ్యాప్ ఉంటే పాఠకులు క్షమిస్తారు గానీ, ఒకే పుస్తకంలో వరసగా పన్నెండు శవాలంటే క్షమించరు, నేనైతే క్షమించను.

అందుకని రూలు పెట్టుకున్నా, మొత్తం పుస్తకంలో చావులు రెండే. మిగతావన్నీ పోయిన వస్తువులు, ఆకాశరామన్న ఉత్తరాలు, తారుమారైన వీలునామా, లైబ్రరీ పుస్తకాల్లో ఒకే పేజీ చింపుకుపోతున్న ఎవరో. రాయడం మొదలుపెట్టాక అర్థమైంది, హత్య లేకపోతే కథ పలచబడుతుందని భయపడ్డా గానీ నిజానికి పలచబడింది ఎక్కడంటే "దీనికి ఎవరికి నొప్పి" అనేది నేను తేల్చుకోని చోట. చింపిన పేజీల కథ మొదటి డ్రాఫ్ట్ చదివితే "అయితే ఏంటి" అనిపించింది. ఆ పేజీలో ఒక ముసలాయన ఫోటో ఉందనీ, ఆయన్ని ఊరంతా మర్చిపోవాలని ఇంకొకరికి అవసరం ఉందనీ పెట్టగానే కథకి ప్రాణం వచ్చింది.

వారం 5, 6

ఇక్కడ గట్టిగా ఇరుక్కుపోయా, వివరంగా రాస్తా.

కథలో చోటు తక్కువ. అనుమానితులు ముగ్గురు, మహా అయితే నలుగురు పడతారు. సిరీస్ కాబట్టి అందులో ఇద్దరు పాతవాళ్ళుంటారు, వాళ్ళని చూడ్డానికేగా పాఠకుడు ఈ పుస్తకం కొనేది. పాతవాళ్ళు నేరం చెయ్యరని పాఠకుడికి తెలుసు, ఎందుకంటే నాలుగో నవల్లో కూడా వాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. నలుగురిలోంచి ఇద్దర్ని తీసేస్తే మిగిలేది ఇద్దరు. అందులో ఒకడు మొదటి పేజీలోనే విసుక్కుంటూ కనిపిస్తాడు, వాడు కాదని చిన్నపిల్లాడికీ తెలుసు. ఇంక క్లూలెందుకు, తీసివేత వస్తే చాలు.

నవల్లో ఈ ఇబ్బంది రాలేదు, అక్కడ కొత్తవాళ్ళు ఎనిమిదిమంది ఉంటారు, పాతవాళ్ళని తీసేసినా అడవి దట్టంగానే ఉంటుంది. నేను ఏం చేస్తున్నానంటే నవల్ని కుదించి కథ అని పేరు పెడుతున్నా.

మూడు దారులు ప్రయత్నించా. ఒకటి, అనుమానితులందరూ కొత్తవాళ్ళే, పాతవాళ్ళు ఊరికే చూస్తుంటారు. ఇది పనిచేసింది గానీ సిరీస్ వాసన పోయింది, ఎవరి కథైనా కావచ్చు. రెండోది, ప్రశ్నే మార్చడం, ఎవరు చేశారో రెండో పేజీలోనే తెలిసిపోతుంది, ఎందుకు అన్నదే కథ. మూడోది నాకు బాగా నచ్చింది, పాత మనిషే చేశాడు, కానీ చేసింది చెడ్డ ఉద్దేశంతో కాదు. పోస్ట్‌మాస్టరు ఒకావిడకి రావాల్సిన ఉత్తరాలు ఏడాదిగా దాచేస్తున్నాడు. ఎందుకు దాచాడో తెలిశాక లైబ్రేరియనమ్మ ఇన్‌స్పెక్టరుకి చెప్పాలా వద్దా అన్నది చివరి రెండు పేజీలు. పోస్ట్‌మాస్టరంటే ప్రాణం పెట్టే పాఠకులకి ఆ రెండు పేజీలూ కష్టంగా ఉంటాయి. సిరీస్‌కి తోడు పుస్తకం అంటే ఇదీ అనిపించింది, కొత్త మనిషి మీద ఈ కథ రాస్తే సగం బరువు కూడా రాదు.

నాలుగు డ్రాఫ్టులు చెత్తబుట్టలో పడ్డాయి.

వారం 7

స్పాయిలర్ల షీట్ చేశా. నిలువుగా కథలు, అడ్డంగా నవలలు, ఏ కథ ఏ నవల గుట్టు విప్పుతుందో గడిలో టిక్కు. పన్నెండింట్లో ఏడింటికి టిక్కులు పడ్డాయి. దాదాపు అన్నీ ఒక్కడి వల్లే. రెండో నవల్లో హంతకుడు మందుల షాపాయన. ఆ నవల తర్వాత జరిగే ఏ కథలోనైనా ఎవరికైనా జ్వరం వస్తే మందులు ఎక్కడ కొంటారు? షాపు మూసి ఉందంటే ఎందుకు మూశారని అడుగుతారు. కొత్త ఓనరు ఉన్నాడంటే పాతాయన ఏమయ్యాడంటారు. ఊళ్ళో ఎవరికీ జ్వరం రాకుండా మూడు రోజులు రాసి చూశా, అది ఇంకా ఘోరం.

చివరికి ఆ కథల్ని వెనక్కి జరిపా, ఐదింటిని రెండో నవలకి ముందు కాలానికి తీసుకెళ్ళా. ఇక్కడ అనుకోని లాభం ఒకటి దొరికింది. ఒక కథలో మందుల షాపాయన అర్ధరాత్రి తలుపు తీసి వాచ్‌మన్ తాతకి మందిచ్చి "డబ్బులు తర్వాత చూద్దాంలే" అంటాడు. సిరీస్ చదవనివాళ్ళకి ఎంత మంచివాడో అనిపిస్తుంది. చదివినవాళ్ళకి చెయ్యి వణుకుతుంది. వాక్యం ఒకటే, నేనేమీ కన్నుగీటక్కర్లేదు, "అప్పటికింకా ఎవరికీ తెలీదు" లాంటి చవకబారు లైను కూడా అక్కర్లేదు (మొదట రాశా, తీసేశా).

వారం 8

పెద్దగా ఏమీ కాలేదు. అందరూ ఒకచోట కూర్చుని తలా ఒక కథ చెప్పుకునే పద్ధతి ప్రయత్నించా. అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ అనే ముసలి డిటెక్టివ్‌ని మొదట తీసుకొచ్చింది అలాంటి చిన్న కథలోనే, 1927లో, నవల్లోకి వచ్చింది 1930లో, ఆ కథలన్నీ కలిపి 13 కథల పుస్తకంగా 1932లో వేశారు. ఆవిడకి కథలు ముందు, నవల తర్వాత, కాబట్టి పాత నవలల బరువు లేని ఆ కూర్చోవడం బాగా కుదిరింది. నా వాళ్ళకి ఒకళ్ళ గురించి ఒకళ్ళకి నాలుగు నవలల సంగతి తెలుసు, గుండ్రంగా కూర్చోబెడితే కథ చెప్పడం మానేసి పాత గొడవలు తవ్వుకుంటున్నారు. ఐడియా వదిలేశా.

వారం 9, 10, 11

ఇక్కడ ఒక కథ గుట్టు మొత్తం చెప్పేస్తున్నా, తర్వాత ఆ కథ చప్పగా ఉందంటే నన్ననొద్దు.

లైబ్రరీలో పాత రిజిస్టరు ఒకటి రాత్రికి రాత్రి మాయమైంది. ఇన్‌స్పెక్టరు వాచ్‌మన్ తాతని అడుగుతాడు, "రాత్రి పిల్లి లోపలికొచ్చిందా?" తాత చెప్తాడు, "వచ్చిందండి, పదకొండు దాటాక తలుపు తోసుకుని వచ్చింది, కిటికీ దగ్గర కాసేపు కూర్చుంది, వెళ్ళిపోయింది." అందరూ పిల్లి అనే అనుకుంటారు. తాత అబద్ధం చెప్పలేదు. ఆయనకి వినపడింది "పిల్ల వచ్చిందా" అని. పిల్ల అంటే ఆయన మనవరాలు.

ఇది ఐడియాగా వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి గదంతా తిరిగా. ఎందుకంటే మన భాషలో "వచ్చింది" అంటే పిల్లీ కావచ్చు, పిల్లా కావచ్చు, క్రియ చూసి చెప్పలేం. మగాడైతే వచ్చాడు అనాలి, దొరికిపోతాడు. ఇంకా మంచిదేంటంటే గౌరవం ఉన్న ఆడమనిషైతే తాత "వచ్చారు" అంటాడు. టీచరమ్మ మీదా ఇంకో పెద్దావిడ మీదా అనుమానం ఉంది, వాళ్ళిద్దరూ ఈ ఒక్క క్రియతో బయటపడిపోతారు. లైబ్రేరియనమ్మ తేల్చేది అలాగే, ఊళ్ళో తాత "నువ్వు" అని పిలిచే ఆడపిల్ల ఎవరు?

కానీ ఇది మోసం కాకూడదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు రాశాడు, అందులో ఒకటి, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికీ వెంటనే చూపించాలి అని. తాత పదం చివర సరిగ్గా వినలేడని ముందే చూపించాలి, చూపిస్తే తెలిసిపోతుంది, చూపించకపోతే దొంగాట. వారం రోజులు దీని మీదే. ఆఖరికి రెండో పేజీలో ఒక జోకు పెట్టా. లైబ్రేరియనమ్మ గోడ చూపించి "బల్లి ఉంది చూడు" అంటుంది, తాత గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెడతాడు. నవ్వొస్తే పాఠకుడు అక్కడ ఆగడు, ముందుకెళ్ళిపోతాడు. క్లూ దాచాలంటే జోకులో దాచడం అంత సుఖం ఇంకోటి లేదు. వెంటనే పైనుంచి పుస్తకాల కట్ట దభీమని పడేలా కూడా చేశా, ఎందుకైనా మంచిదని.

ఇదే ఊపులో ఇంకో కథ. ఇద్దరు కొత్తవాళ్ళు, పొద్దున్నే మొదటిసారి కలిశామంటారు. ఒకడు మాటల్లో రెండోవాడి వైపు తిరిగి "మనం బస్సు దిగేసరికి వాన" అంటాడు. నేను అనాలి, పోనీ మేము అనాలి. మనం అన్నాడంటే వింటున్నవాడు కూడా ఆ బస్సులో ఉన్నట్టే. అంతే, కథంతా ఆ ఒక్క మాట మీదే. రాసేసి మహా సంబరపడ్డా.

వారం 12

ఐదుగురికి పంపించా. ముగ్గురు సిరీస్ మొత్తం చదివినవాళ్ళు, ఇద్దరు ఒక్కటీ చదవనివాళ్ళు.

సంబరం మీద నీళ్ళు. ఒకరు ఫోన్ చేసి "మావైపు మనం అంటే నేనే అండీ, మనం ఎక్కడికెళ్ళినా మర్యాద అదే అంటే నాకు మర్యాద అని అర్థం" అన్నారు. నిజమే, నేనూ అంటా అప్పుడప్పుడు. అంటే ఆ మనిషి అలా మాట్లాడే రకం కాదని ముందు నిరూపించాలి. వెనక్కెళ్ళి వాడి మాటలన్నీ తిరగరాశా, ఆరుచోట్ల ఖచ్చితంగా "నేను", రెండుచోట్ల తన అన్నతో కలిపి చెప్పేటప్పుడు ఖచ్చితంగా "మేము". సర్వనామాల విషయంలో లెక్కల మాస్టారిలా ఉంటాడు ఇప్పుడు. ఆ ఒక్క "మనం" దగ్గర జారతాడు.

ఇంకో వింత. నాలుగో కథలో దోషిని సిరీస్ చదవని ఇద్దరూ మూడో పేజీలోనే పట్టేశారు, చదివిన ముగ్గురూ చివరిదాకా పట్టలేదు. ఎందుకంటే దోషి లైబ్రేరియనమ్మ పాత స్నేహితురాలు, మొదటి నవల్లో రెండు సీన్లలో ఉంది, చదివినవాళ్ళు ఆవిణ్ణి మనమనిషి కింద లెక్కేసుకున్నారు. కొత్తవాళ్ళకి ఆ మొహమాటం లేదు, "ఈవిడెవరు, ఇంత తియ్యగా మాట్లాడుతోంది" అనుకున్నారు. వారం 5లో నన్ను ఏడిపించిన తీసివేతే ఇక్కడ నాకు సాయం చేసింది. కొత్తవాళ్ళ కోసం ఆవిడ తీపి కొంచెం తగ్గించా, అంతే.

వారం 13

పన్నెండు కథలు తొమ్మిదయ్యాయి. తీసేసిన మూడూ బాగాలేవని కాదు, రెండు కథలు సిరీస్ చదవకపోతే అర్థం కావు, వివరణలు పెడితే కథ కన్నా వివరణ పెద్దదవుతోంది. మూడోది ఐదో నవలకి కావాలి, దాచుకున్నా.

తొమ్మిదింట్లో ఒకటి ఇంతకుముందు ఒక పత్రికలో వచ్చింది. మళ్ళీ వేసుకునే హక్కు నాదేనా అని పాత మెయిళ్ళు వెతికితే వాళ్ళు తీసుకున్నది మొదటి ప్రచురణ హక్కు మాత్రమే అని దొరికింది, బతికిపోయా. ఇంకో రెండు న్యూస్‌లెటర్ వాళ్ళకి ఉచితంగా ఇచ్చినవి. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు "ఇవి ఆల్రెడీ చదివాం" అనకూడదు కాబట్టి వెనక కవర్ మీద ఆరు కొత్త కథలు, మూడు పాతవి అని రాసేస్తున్నా.

పొడవు గురించి ఒక మాట. ఇంగ్లీషు లెక్కలు పెట్టుకుని కూర్చున్నా మొదట్లో, సైన్స్ ఫిక్షన్‌కిచ్చే నెబ్యులా అవార్డు వాళ్ళు 7,500 పదాల లోపైతే చిన్న కథ అంటారు లాంటివి. మనకి "వెళ్ళిపోయాడనుకున్నానంతే" అంటే ఒక్క పదం, ఇంగ్లీషులో అది అరడజను. పదాలు లెక్కపెట్టడం మానేసి పేజీలు లెక్కపెట్టుకున్నా. ఒక్కో కథ 12 నుంచి 24 పేజీలు వచ్చింది.

వారం 14, 15

వరస. కాలక్రమంలో పెడితే మొదటి కథ బలహీనం, బలమైనది ముందు పెడితే కాలం ముందుకీ వెనక్కీ పోతుంది. బలానికే ఓటేశా. పోస్ట్‌మాస్టరు కథ చివర్లో, పిల్లి కథ మొదట్లో, అన్నిటికన్నా చిన్నది సరిగ్గా మధ్యలో. ప్రతి కథ పేరు కింద చిన్న అక్షరాల్లో "రెండో నవలకి ముందు", "మూడో నవల అయ్యాక" అని ఒక లైను, కావాల్సినవాళ్ళు చూసుకుంటారు.

డీటీపీ అయ్యాక 172 పేజీలు వచ్చాయి. డెమ్మీ సైజు పుస్తకంలో ఫారానికి (ఒకేసారి అచ్చేసే పెద్ద కాగితం) 16 పేజీలు, పదకొండు ఫారాలంటే 176. నాలుగు పేజీలు ఖాళీ. వదిలెయ్యడం ఇష్టంలేక ఊరి మ్యాపు గీసి రెండు పేజీల్లో పరిచా, మిగతా రెండింట్లో లైబ్రరీ ఫ్లోర్ ప్లాను, పిల్లి గురించి ఒక చిన్న నోటు. ఆ నోటులో పిల్లికి రెండు చెవులూ చిరిగాయని, ఒక్కోటి ఒక్కో గొడవలో అని రాసేశా. చెవి సమస్య తీరింది.

వారం 16

ప్రూఫులు దిద్దించి తెప్పించుకున్నా. దిద్దినాయన చాలా శ్రద్ధగల మనిషి, నావి ఒత్తులు, దీర్ఘాలు కలిపి రెండొందల దాకా పట్టారు, దండం పెట్టాలి. అయితే పిల్లి కథ చివర్లో లైబ్రేరియనమ్మ తాత చెవి దగ్గరికెళ్ళి గట్టిగా అడుగుతుంది, "వచ్చింది పిల్లా, పిల్లా?" అని ప్రూఫులో ఉంది. నేను రాసింది "పిల్లా, పిల్లీనా?" అని. టైపింగ్ తప్పనుకుని ఒకేలా చేసేశారు. రెండో పేజీకెళ్ళి చూశా, అనుమానంతో. "బల్లి ఉంది చూడు" కాస్తా "బల్ల మీద దుమ్ముంది చూడు" అయింది. తాత పాపం సరిగ్గానే విని తుడుస్తున్నాడు. జోకూ పోయింది, క్లూ కూడా పోయింది. బస్సు కథ తీశా, "మనం బస్సు దిగేసరికి"లో మనం కొట్టేసి పైన "మేము" అని నీట్‌గా రాసి ఉంది.

ఆయన తప్పేం లేదు, మూడుచోట్లా మామూలు పాఠం అయితే ఆయన చేసిందే రైటు. ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే వచ్చింది మనవరాలా!" అన్నారు.

మూడూ పాత రూపంలోకి మార్చి, పక్కన ఎర్ర ఇంకుతో "కావాలనే రాసింది, దిద్దొద్దు" అని పెట్టి, ఆ మాట ఫైనల్ ఫైల్లోకి పొరపాటున ఎక్కలేదని రెండుసార్లు చూసుకుని, ఇందాకే ప్రెస్సుకి పంపించా.